రిమాండులోనే రెండున్నరేళ్ళు, ఇంకా సాక్షులే రాలేదు. దారేమైనా ఉందా?

గోదారిగట్టు:
మా తమ్ముడి మీద ఇంట్లో దొంగతనం కేసు, పాత ఐపీసీ 380. వాడి మీద ఇదే మొదటి కేసు. మొదట్లో బెయిలు కొట్టేశారు, లాయరుకి ఫీజు కట్టలేక మళ్ళీ వెయ్యలేదు. రెండున్నరేళ్ళు దాటినా ఒక్క సాక్షినీ విచారించలేదు. ఒక వాయిదాకి ఎస్కార్టు లేదంటారు, ఇంకో వాయిదాకి సాక్షి రాలేదంటారు. పేరు పిలుస్తారు, గుమస్తా కొత్త తేదీ రాస్తాడు, అంతే. వాడిని తెస్తారో లేదో తెలియక అమ్మ సాయంత్రం దాకా కోర్టు మెట్ల మీదే కూర్చుంటుంది.

జిల్లాకోర్టు వకీలు:
380కి గరిష్ఠ శిక్ష ఏడేళ్ళు. కొత్త క్రిమినల్ ప్రొసీజర్ చట్టం బీఎన్ఎస్ఎస్‌లోని 479 సెక్షన్ ప్రకారం, ఇంతకుముందు ఏ కేసులోనూ శిక్ష పడనివాళ్ళు అందులో మూడో వంతు, అంటే రెండేళ్ళ నాలుగు నెలలు లోపల ఉంటే సొంత పూచీకత్తు మీద వదలాలి. మిగతావాళ్ళకి సగం. ఉరి, యావజ్జీవం పడే కేసులకి ఇది లేదు. ఈ చట్టం అమల్లోకి వచ్చిన 2024 జులై 1కి ముందు కేసులకీ వర్తిస్తుందని సుప్రీంకోర్టు అదే ఏడాది ఆగస్టులో చెప్పింది. కోర్టుకి రాయాల్సింది జైలు సూపరింటెండెంటే, కానీ ఆయన రాసేదాకా ఆగకండి. ములాఖత్‌కి వెళ్ళినప్పుడే తమ్ముడి చేత అర్జీ పెట్టించండి.

మానేరు:
ఫీజు గురించి దిగులు పడకండి అన్నా. జైల్లో ఉన్నవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా జిల్లా న్యాయసేవాధికార సంస్థ లాయరుని ఇస్తుంది, ఫోన్ నంబరు 15100. మా బావకి అలాగే బెయిలొచ్చింది. తీరా వచ్చాక షూరిటీలు దొరక్క మళ్ళీ లోపలే! ఏడు రోజుల్లో విడుదల కాకపోతే సూపరింటెండెంటు ఆ సంస్థ కార్యదర్శికి తెలపాలని 2023లో సుప్రీంకోర్టు చెప్పిందట. కార్యదర్శిగారే కోర్టులో షరతు సడలించమని అడిగించారు.

పాతబస్తీ:
పడబోయే శిక్ష కంటే ఎక్కువ కాలం బీహార్ జైళ్ళలో మగ్గినవాళ్ళ గురించే 1979లో హుస్సేనారా ఖాతూన్ కేసు. సత్వర విచారణ రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమని అప్పుడే తేల్చారు. ఇన్నేళ్ళయినా ఒక తల్లి ఇలా మెట్ల మీద కూర్చోవాల్సి రావడం చూస్తే కడుపు మండుతోంది. ఆలస్యమైందని కేసే ఎగిరిపోతుందని మాత్రం ఆశ పెట్టుకోకండి. విచారణకి ఇన్నేళ్ళే అని గడువు పెట్టడం కుదరదని 2002లో ఏడుగురు జడ్జీల ధర్మాసనం చెప్పింది. ముందు మనిషి బయటికి రావాలి.

తుంగభద్ర:
మా అన్న మీద రెండు కేసులున్నాయి. ఆయనకీ ఈ 479 పనికొస్తుందా?

జిల్లాకోర్టు వకీలు:
రెండూ పెండింగులో ఉంటే ఆ సెక్షన్ కింద రాదండి. ఆలస్యాన్నే కారణంగా చూపి మామూలు బెయిలు వెయ్యండి. ఉగ్రవాద కేసులకి వాడే యూఏపీఏ లాంటి గట్టి చట్టం కేసులోనే 2021లో నజీబ్ అనే నిందితుడికి ఆ కారణంతో సుప్రీంకోర్టులో బెయిలు నిలబడింది. ఇద్దరూ డాకెట్ షీటు, అంటే కోర్టు వాయిదాల రికార్డు, నకలు తీసుకోండి. ఏ వాయిదా ఎవరి వల్ల పోయిందో తేదీలతో ఉంటుంది. మీవైపు నుంచి జరిగిన ఆలస్యాన్ని లెక్కలోంచి తీసేస్తారు, కాబట్టి పిటిషన్‌కి ముందే అది చూసుకోండి.

గోదారిగట్టు:
సోమవారం ములాఖత్ ఉంది. అర్జీ రాసుకుని వెళ్తున్నాను. నకలుకి అమ్మ దరఖాస్తు పెడుతుంది.