పిల్లల చేత "ఎందుకు" అని అడిగించేది ఎలా?

చంద్రగిరి టీచర్:
చంద్రగిరి దగ్గర హైస్కూల్లో ఎనిమిదో తరగతికి చెబుతున్నాను. పాఠం అయ్యాక ప్రశ్నలు మీరే రాయండి అంటే అందరివీ ఒకటే రకం, ఎవరు, ఎప్పుడు, ఎక్కడ. టాగూరు 1919లో మదనపల్లెలో ఉన్నప్పుడు జనగణమనను ఇంగ్లీషులోకి అనువదించిన సంగతి ఒక పేరాగా రాసి ఇచ్చాను, మన పాత జిల్లా ముచ్చటే కదా ఉత్సాహపడతారనుకున్నా. సగం మందికి పైగా "ఏ సంవత్సరంలో?" అనే రాశారు. లోతుగా ఆలోచించండ్రా అంటే నా మొహం చూస్తారు. మీరెవరైనా ఏం చేస్తున్నారో చెప్పండి, సిలబస్ టెన్షన్ ఎలాగూ ఉంది.

చిత్తూరు మాస్టారు:
మేడమ్, బిట్లు బట్టీ పట్టించింది మనమే, వాళ్ళననేం లాభం. "లోతుగా" అంటే ఏమిటో వాళ్ళకు తెలీదు. నేనైతే ఒకటే చెబుతా, జవాబు మీద వేలు పెట్టి చూపించగలిగితే ఆ ప్రశ్న పక్కన పెట్టెయ్ అని. ముందు అలాంటివన్నీ రాయనిస్తాను, అవి అయిపోవాలి గదా, అప్పుడుగానీ వేరేవి రావు. మీ పేరానే తీసుకోండి, పాట 1911లోనే కలకత్తాలో పాడారు, మరి ఎనిమిదేళ్ళ తర్వాత మదనపల్లెలో ఇంగ్లీషు అవసరం ఎవరికి పడింది? ఇలాంటిది ఒకటి మీరూ అడగండి, కానీ జవాబు మీకు నిజంగా తెలియనిదై ఉండాలి. తెలిసి అడిగితే కనిపెట్టేస్తారు.

బంగారుపాళ్యం ట్యూషన్ సార్:
మాస్టారు చెప్పింది సగమే. చదివేది పిల్లోడికి ఎక్కడో తగలాలి. 2025 సీజన్లో మామిడి వార్త చదివించాను, తోతాపురికి కిలోకు 12 రూపాయలు, అందులో 8 ఫ్యాక్టరీలు, 4 ప్రభుత్వం ఇవ్వాలని. ఎప్పుడూ నోరు విప్పని ఏడో తరగతి వాడు "సార్, ఇవ్వాలి అని రాసినారు, ఇచ్చినారని రాయలేదే?" అన్నాడు. వాళ్ళ నాయన ట్రాక్టరు రెండు రోజులుగా గుజ్జు ఫ్యాక్టరీ గేటు ముందు క్యూలో ఉంది. ఆ "ఇవ్వాలి" ఒక్క మాట మీదే గంట గడిచిపోయింది, లెక్కలు చెప్పాల్సిన గంట.

తిరుపతి అమ్మ:
బాగానే ఉంది గానీ, పరీక్షలో అడిగేది సంవత్సరమే కదండీ? మా పాప ఇలాంటివే అడిగితే "పాఠంలో ఉన్నది చూడు" అని కూర్చోబెట్టారు. ఇప్పుడు ఇంట్లో కూడా అడగడం మానేసింది.

చిత్తూరు మాస్టారు:
అమ్మా, 1919లోనే ఎందుకని కొట్లాడినవాడికి 1919 గుర్తుండకపోతుందా? పాపను మీరే అడగండి, స్కూలు సంగతి తర్వాత.

చంద్రగిరి టీచర్:
ఈరోజు వేలు పరీక్ష పెట్టాను. మొదటి పావుగంట గోలే. తర్వాత చివరి బెంచీ అమ్మాయి "ఇంగ్లీషులోకి మార్చినాక దాన్ని ఎవరైనా పాడినారా మేడమ్, ఊరికే చదువుకోడానికా?" అంది. నాకు తెలీదన్నాను. టీచరుకే తెలీదా అని క్లాసంతా నిశ్శబ్దం. అంతే, బెల్ కొట్టేదాకా చేతులు దించలేదు. ఒక పాఠం వెనకబడ్డాను, హెచ్‌ఎం గారికి ఏం చెప్పాలో కూడా ఎవరైనా చెప్పండి.