సమస్య: త్రాటి వెలుగులోన త్రాచు దోచె

నిర్వాహకుడు: నిన్న రాత్రి ఇంటికప్పు అంచున తాడులా ఉండే బల్బుల గొట్టం, అదే రోప్ లైట్, బిగిస్తూ నిచ్చెన మీదుండగా తట్టిందండీ ఈ పాదం, మర్చిపోతానేమోనని క్లిప్పులు చేతిలోనే పట్టుకుని సగం కప్పు వదిలేసి దిగొచ్చా. ఇదే చివరి పాదంగా తలా ఓ పద్యం పూరించండి, కానివ్వండి.

గణగణ: స్వానుభవం.

చుట్ట విప్పకుండ స్విచ్చి వేసితి నేను
చేయి కాలె, వేడి చెప్పలేను
మెలికలన్ని తిరిగి మేడపై పడియుండ
త్రాటి వెలుగులోన త్రాచు దోచె

లఘుబిందువు: గణగణ గారూ, చుట్టకీ స్విచ్చికీ యతి (పాదం మొదటి అక్షరానికి నడుమ అక్షరంతో కుదరాల్సిన పొత్తు) ఎట్లా కలిపారు? చ, స మైత్రి ఉంది సరే, ఉకారానికి ఇకారం ఏ లెక్క? పోనీ ఆ చోట్ల రెండో అక్షరాలు కలిపే ప్రాసయతి అందామంటే అటు ట్ట, ఇటు చ్చి. విషయం మాత్రం నిజమే, చుట్టలా ఉండగానే ఎక్కువసేపు వెలిగిస్తే వేడి పోయే దారి ఉండదు, ఆ మాట పెట్టెమీదే రాసుంటుంది, చదివే అలవాటుండాలి గానీ.

గణగణ: "చూడ వేసితి స్విచ్చి" అని మార్చుకుంటా, శాంతించండి. మరి పోయినసారి సమస్యలో తమరు గణం, అదే అక్షరాల లెక్క, కుదరడం కోసం నిచ్చెనని గోడకి నిట్టనిలువుగా ఆనించారే, నాలుగడుగుల ఎత్తుకి అడుగు చొప్పున మొదలు దూరం జరపాలి కదా, ఆ మనిషి రెండో పాదంలోనే వెనక్కి పడాలి, నాలుగో పాదందాకా ఎలా ఎక్కాడో ఇప్పటికీ అంతుపట్టలేదు.

లఘుబిందువు: దాన్ని అతిశయోక్తి అంటారు. ఇదిగో నాది.

చీకటైన తాడు చిత్రసర్పంబౌను
వెలుగు వచ్చినంత వీడు భ్రాంతి
వెలుగె తాడు గాగ వేదాంతి కేమాయె
త్రాటి వెలుగులోన త్రాచు దోచె

చాటుపిచ్చి: మూడో పాదం దగ్గర కుర్చీలోంచి లేచా! అద్వైతుల రజ్జుసర్పానికి, అదే తాడుని పామనుకునే భ్రమకి, దీపం తెస్తే భ్రాంతి పోవాలి, ఇక్కడ దీపమే తాడైపోయింది, ఇంక తెచ్చేదేముంది.

గణగణ: బావుంది, ఒప్పుకుంటా. కానీ వేదాంతికి ఏమైందో చెప్పకుండా జారుకున్నారు, పూరించమంటే ఎదురు ప్రశ్న వేశారు.

కొత్తసభ్యుడు: "లోన త్రాచు"లో న తర్వాత సంయుక్తాక్షరం ఉంది కదా, ఆ న గురువు (దీర్ఘంగా లెక్కపెట్టే అక్షరం) అవదాండీ?

నిర్వాహకుడు: అవదు, వేరు పదం, సమాసం కాదు. ఇది ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు.

ఏటవాలు: ఆలస్యమైంది, కత్తెర పట్టుకుని తప్పు చేసి వచ్చా.

గుర్తు తప్పి కోయ గుడ్డిదయ్యెను ముక్క
మిగిలినంత వెలిగె మిలమిలనుచు
తోక నల్లబారె తుది చూరుకడ జూడ
త్రాటి వెలుగులోన త్రాచు దోచె

చాటుపిచ్చి: "గుడ్డిదయ్యెను ముక్క"! రోప్ లైట్ మీద ఎక్కడ కోయాలో చూపే కత్తెర గుర్తు తప్పించి పక్కన కోస్తే ఆ ముక్కలో బల్బులే ఆరిపోతాయి, మిగతాది వెలుగుతూనే ఉంటుంది, అదే నల్లతోక అయి కూర్చుంది. లఘుబిందువు గారి వేదాంతం కంటే నాకిదే నచ్చింది, ఏమనుకోకండి.

లఘుబిందువు: అనుకోను. "తోక"కి "తుది" యతి కూడా సరిపోయింది, చూశా.

గణగణ: చూస్తారని తెలుసు. ఏటవాలు గారూ, అంతా బాగుంది గానీ కోసినచోట మూసే బిరడా, అదే ఎండ్ క్యాప్, పెట్టలేదు, మొదటి వానకే నీళ్లెక్కుతాయి.

ఏటవాలు: నాలుగు పాదాల్లో ఎండ్ క్యాప్ ఎక్కడ పెట్టమంటారు సార్?

గణగణ: చివర.