కణితి, పక్క పొర: జీఏపీడీహెచ్ సీటీలో 3 తేడా. తప్పెక్కడ?

ప్రశ్న:
నోటి స్క్వామస్ సెల్ కార్సినోమా (నోటి పై పొరలో పుట్టే క్యాన్సర్), దాని పక్కనుంచి తీసిన మామూలు పొర. రెండింటికీ 500 నానోగ్రాముల ఆర్‌ఎన్‌ఏతోనే సీడీఎన్‌ఏ (ఆర్‌ఎన్‌ఏకి డీఎన్‌ఏ నకలు) చేసి క్యూపీసీఆర్ పెట్టాం. పోలికకు కొలబద్దగా వాడే జీన్ జీఏపీడీహెచ్. దాని సీటీ (సంకేతం కనబడే పీసీఆర్ సైకిల్ సంఖ్య, తక్కువైతే ఆ జీన్ ఎక్కువున్నట్టు) కణితిలో 18, పక్క పొరలో 21 వస్తోంది. ఆర్‌ఎన్‌ఏ శుద్ధత చెప్పే కాంతి శోషణ నిష్పత్తుల్లో 260/280 బాగానే ఉంది, 260/230 మాత్రం పక్క పొరలో 0.6. ఇంకోటి, మానుతున్న గాయం ముక్కలోనూ కెరాటిన్ 16 బాగా పెరిగింది. ఇదెలా?

జవాబు 1:
3 సీటీలంటే దాదాపు 8 రెట్లండీ. ఈ జీఏపీడీహెచ్‌తో పోల్చి లెక్కగడితే కణితిలో నిజంగా 8 రెట్లు పెరిగిన జీన్ కూడా మారనట్టే కనబడుతుంది. జీఏపీడీహెచ్ గ్లైకోలిసిస్ ఎంజైము, ఆక్సిజన్ అందని కణితిలో అదీ పెరుగుతుంది. టీబీపీ, హెచ్‌పీఆర్‌టీ1, ఆర్‌పీఎల్‌పీ0 లాంటి కొలబద్ద జీన్లు నాలుగైదు పరీక్షించి, నిలకడగా ఉన్న వాటి గుణోత్తర సగటు తీసుకోండి.

అంతకంటే ముందు ఆ 0.6 సంగతి. ఆర్‌ఎన్‌ఏ తీయడానికి వాడే గ్వానిడిన్ లవణం మిగిలి ఉండొచ్చు, అయితే 0.6 ఉన్నంత మాత్రాన రియాక్షన్ ఆగిందని కాదు. పక్క పొర సీడీఎన్‌ఏని 10 రెట్లు పలుచన చేయండి. 21 కాస్తా 24.3 దగ్గరికి రావాలి. 22.5 దగ్గరే ఆగితే పీసీఆర్‌కి ఏదో అడ్డుపడుతున్నట్టే. అడ్డు ఆర్‌టీ దశలో (ఆర్‌ఎన్‌ఏని సీడీఎన్‌ఏగా మార్చేటప్పుడు) ఉంటే ఇది పట్టుకోదు, ఆర్‌ఎన్‌ఏనే పలుచన చేసి మళ్లీ సీడీఎన్‌ఏ చేయాలి. ఆర్‌ఎన్‌ఏ తీసేటప్పుడు గొట్టం అడుగున చేరే పెల్లెట్‌ని 75% ఇథనాల్‌తో రెండోసారి కడిగితే గ్వానిడిన్ చాలావరకు పోతుంది.

జవాబు 2:
ముక్కలో ఏముందో చూశారా? పక్క పొర అని తీసిన దాంట్లో సగం కండరం, పీచు ఉంటే కెరాటిన్ తగ్గినట్టు కనబడటంలో వింతేం లేదు. ప్రతి ముక్కనుంచీ ఒక ఫ్రోజెన్ సెక్షన్ (గడ్డకట్టించి కోసిన పలుచని పొర) కోసి హెచ్‌అండ్‌ఈ రంగు వేసి మైక్రోస్కోపులో చూడండి. ఆర్‌ఎన్‌ఏ చెడకుండా కాపాడే ఆర్‌ఎన్‌ఏలేటర్ ద్రవంలో వేసే ముక్క మందం 0.5 సెంటీమీటరు దాటకూడదు, దాటితే ద్రవం లోపలికి చేరేలోపే ఆర్‌ఎన్‌ఏ విరుగుతుంది. 4 డిగ్రీల దగ్గర రాత్రంతా నాననిచ్చి, ద్రవం తీసేసి మైనస్ 80కి మార్చండి.

జవాబు 3:
గాయంలో కెరాటిన్ 16 పెరగడం తప్పు కాదు. చర్మానికి గాయమైన కొన్ని గంటల్లోనే అంచు కణాల్లో కెరాటిన్ 6, 16, 17 పెరుగుతాయి. కణితులు మానని గాయాలని పాథాలజిస్టు హెరాల్డ్ డ్వోరాక్ 1986లోనే రాశారు. గాయం మూసుకున్నాక ఇవి తగ్గుముఖం పడతాయి, కాబట్టి ఒక్క రోజు ముక్కతో పోల్చకండి, మూసుకునే దాకా మూడు నాలుగు సమయాల్లో తీయండి.

చాలామంది మరిచిపోయేది ఒకటుంది: ఆపరేషన్‌కి ముందు బయాప్సీ చేసిన చోటు కూడా మానుతున్న గాయమే. కణితి ముక్క అక్కడినుంచే తీస్తే ఏది క్యాన్సర్ సంతకమో, ఏది కత్తి గాటుదో విడదీయలేరు.