టీవీ ఆపగానే వస్తువులు విసిరే ఐదేళ్ల బాబు

ప్రశ్న: టీవీ ఆపమంటే చాలు, చేతికందింది విసిరేస్తాడు, చెల్లిని కొడతాడు. అరిస్తే ఇంకా రెచ్చిపోతున్నాడు. దెబ్బ వేయకుండా దారికి తెచ్చేదెలా?

జవాబు 1: ముందు ఒక వారం మూడు గడుల్లో రాసిపెట్టండి: గొడవకి ముందు ఏం జరిగింది, వాడేం చేశాడు, తర్వాత మీరేం చేశారు. తరచూ మూడో గడిలోనే గుట్టు బయటపడుతుంది, ఏడిస్తే ఇంకో పది నిమిషాలు టీవీ దొరుకుతోందని. ఆపడానికి 5 నిమిషాల ముందు ఒకసారి, 1 నిమిషం ముందు ఇంకోసారి చెప్పండి. తర్వాత ఏం చేయబోతున్నాడో కూడా అప్పుడే చెప్పాలి. "విసరకు" అనేకన్నా "రిమోట్ నా చేతిలో పెట్టు" అనండి. పెట్టగానే "అడగ్గానే ఇచ్చేశావే!" అని ఆ పనినే మెచ్చుకోండి. ఉత్త "గుడ్ బాయ్"తో దేనికి మెచ్చుకున్నారో వాడికి తెలీదు.

జవాబు 2: ఒక హెచ్చరిక. ఏడుపుకి లొంగడం మానేసిన మొదటి రోజుల్లో గొడవ తగ్గకపోగా పెరగొచ్చు. చాలామంది అక్కడే చేతులెత్తేస్తారు. అప్పుడు మెత్తబడితే, ఇంకాసేపు ఏడిస్తే పనవుతుందని మనమే నేర్పినట్టు. ఏడుపుని పట్టించుకోకపోయినా ఫర్వాలేదు, వాడు చెల్లిని కొడితే మాత్రం చూసీచూడనట్టు వదిలేయొద్దు. పాపని పక్కకి తీసుకెళ్లి, వాడితో "కోపమొచ్చింది కదా, కానీ కొట్టనివ్వను" అని ఊరుకోండి. ఆ కోపంలో నీతిబోధ చెవికెక్కదు.

జవాబు 3: స్టిక్కర్ చార్ట్ (మంచి పని చేసినప్పుడల్లా ఒక స్టిక్కర్ అంటించే పట్టిక) పెడితే ఒక్క పనికే పెట్టండి. ఇచ్చిన స్టిక్కర్ వెనక్కి లాక్కోవద్దు. నిద్ర సరిపోతోందా, చెవులు సరిగా వినిపిస్తున్నాయా చూసుకోండి. తనని తాను గాయపరచుకుంటుంటే ఆలస్యం చేయకుండా పిల్లల డాక్టరుకి చూపించండి.