ఎఫ్‌ఎన్‌పీ తర్వాత 12 నెలల రెసిడెన్సీ (టెక్సస్): చేరేలోపు ఏమేం సిద్ధం చేసుకోవాలి?

కొత్తఎన్‌పీ_డాలస్:
అందరికీ నమస్కారం. మేలో ఎమ్మెస్సెన్ ఎఫ్‌ఎన్‌పీ (ఫ్యామిలీ నర్స్ ప్రాక్టీషనర్ మాస్టర్స్) అయిపోతుంది. సెప్టెంబరులో ఒక కమ్యూనిటీ హెల్త్ సెంటర్‌లో ఎన్‌పీ రెసిడెన్సీ (కొత్త నర్స్ ప్రాక్టీషనర్లకి పర్యవేక్షణలో పని శిక్షణ) మొదలు. ఇప్పటిదాకా చేసిందంతా ఐసీయూ. వెంటిలేటర్ అంటే భయం లేదు గానీ, షుగరు, బీపీ, మోకాలి నొప్పి మూడూ కలిసి వచ్చిన పేషెంటును అరగంటలో ఎలా తేల్చాలో అర్థం కావట్లేదు. ఈ నాలుగు నెలల్లో ఏం చదవాలి? ప్రొసీజర్లు (బయాప్సీ లాంటి చేత్తో చేసే పనులు) ఎన్ని చేసి ఉంటే తర్వాత ఉద్యోగానికి పనికొస్తాయి? ఆ ఉద్యోగం వేట ఎప్పుడు మొదలుపెట్టాలి?

పేపర్ల_అక్క:
చదువు సంగతి తర్వాత చూద్దువుగాని, ముందు కాగితాలమ్మా. చేరిన రెండు నెలలకి కూడా సొంతంగా మందు రాయలేక కూర్చునేవాళ్లందరూ చిక్కుకునేది ఇక్కడే. వరస ఇదీ: డిగ్రీ పడిన ట్రాన్స్‌క్రిప్ట్, బోర్డు పరీక్ష, టెక్సస్ బోర్డ్ ఆఫ్ నర్సింగ్ నుంచి ఏపీఆర్‌ఎన్ (ఎన్‌పీగా పనిచేసే నర్సు) లైసెన్సు, దాంతోపాటే ప్రిస్క్రిప్టివ్ అథారిటీ (మందులు రాసే అధికారం), ఆ తర్వాతే డీఈఏ (కంట్రోల్డ్ మందులు రాయడానికి ఫెడరల్ రిజిస్ట్రేషన్). ముందుది ఆగితే వెనకున్నవన్నీ ఆగుతాయి. ఎన్‌పీఐ (వైద్య సిబ్బందికి ఇచ్చే జాతీయ గుర్తింపు నంబరు) ఒక్కటే దేనికోసమూ ఆగదు. అది ఉచితం, ఈ రాత్రే తీసేసుకో.

బోర్డు పరీక్ష పెట్టే సంస్థలు రెండు: ఏఏఎన్‌పీసీబీది రాసినా (150 ప్రశ్నలు) ఏఎన్‌సీసీది రాసినా (175) చెల్లుతుంది. మొదటిది దాదాపు పూర్తిగా క్లినికల్. రెండోదాంట్లో రీసెర్చి, పాలసీ కూడా అడుగుతారు. డీఈఏ మూడేళ్లకు 888 డాలర్లు. క్లినిక్ కడుతుందేమో ముందే అడుగు. దానికి అడిక్షన్ మీద 8 గంటల ట్రైనింగు ఒక్కసారి చూపించాలి. మీ కోర్సులో అది ఉందేమో కాలేజీని అడిగి, ఉంటే ఉత్తరం తీసుకో.

మనవాళ్లకి ప్రత్యేకంగా వచ్చే తలనొప్పి పేరు. ఆర్‌ఎన్ (రిజిస్టర్డ్ నర్సు) లైసెన్సు మీద పుట్టింటి ఇంటిపేరు, డ్రైవింగ్ లైసెన్సు మీద అత్తింటి ఇంటిపేరు, ఇండియా మార్కుల లిస్టులో ఇంటిపేరుకి బదులు ఒక్క అక్షరం! పరీక్ష రోజు ఐడీ మీద ఉన్న పేరే అప్లికేషన్‌లోనూ ఉండాలి. ఎన్‌పీఐ, సీఏక్యూహెచ్ (ఇన్సూరెన్సు కంపెనీలు మన వివరాలు చూసే ఆన్‌లైన్ ప్రొఫైల్), లైసెన్సు మూడింట్లో స్పెల్లింగు ఒక్కటే ఉండాలి. లేకపోతే ఇన్సూరెన్సు కంపెనీ ఫైలు కదలదు. మార్పులుంటే పరీక్షకి అప్లై చేసేలోపే చేయించు.

సీఏక్యూహెచ్‌లో గత 5 ఏళ్ల ఉద్యోగాలు నెలలతో సహా రాయాలి. 6 నెలలు దాటిన ఖాళీకి కారణం అడుగుతారు, ఏడాది దాటితే రాతలో ఇవ్వాలి. డిపెండెంట్ వీసా మీద ఇంట్లో ఉన్న కాలాన్ని దాచొద్దు, ఒక్క వాక్యం రాస్తే చాలు. 120 రోజులకోసారి మళ్లీ అటెస్ట్ చేయడం (వివరాలు సరైనవేనని ధ్రువీకరించడం) మాత్రం మర్చిపోకు.

చక్కెర_బీపీ:
క్లినికల్ సంగతికి వస్తాను. లావు పుస్తకాలు మళ్లీ తిరగేయకండి. క్లినిక్‌కి రోజూ వచ్చే ఓ ఇరవై సమస్యలు తీసుకుని ఒక్కోదానికి ఒక పేజీ రాసుకోండి: ప్రమాద సూచనలు, మొదటి పరీక్ష, మొదటి మందు డోసుతో సహా, మళ్లీ ఎప్పుడు రమ్మనాలి. షుగరు మందు మెట్‌ఫార్మిన్ పేజీ ఇలా ఉండాలి: 500 మిల్లీగ్రాములు రాత్రి భోజనంతో మొదలు, వారానికి 500 చొప్పున పెంచుతూ 2000 దాకా. ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ పనితీరు లెక్క) 30 లోపైతే వాడకూడదు. 30–45 మధ్య కొత్తగా మొదలుపెట్టకూడదు. అప్పటికే వాడుతున్నవాళ్లకి సగానికి తగ్గించాలి.

ఐసీయూ నుంచి వచ్చినవాళ్లు తడబడేది రోగం దగ్గర కాదు, ఇన్‌బాక్స్ (ల్యాబ్ రిపోర్టులు, రీఫిల్ కోరికలు వచ్చిపడే చోటు) దగ్గర. ఐసీయూలో పొటాషియం ఎంతుందో గంటలో మళ్లీ చూస్తారు. ఇక్కడ బీపీ మందు లిసినోప్రిల్ రీఫిల్ నొక్కి పంపేస్తే మూడు నెలల దాకా ఎవరూ చూడరు. అందుకే రీఫిల్ ఇచ్చే ముందు చివరి క్రియాటినిన్, పొటాషియం తేదీ చూడండి. కొత్తగా మొదలుపెట్టినా, డోసు పెంచినా ఒకటి రెండు వారాల్లో రక్తపరీక్ష చేయించండి. పొటాషియం 5.9 వస్తే శాంపిల్ హిమోలైజ్ అయిందేమో (రక్తకణాలు పగిలాయేమో) చూసి, అదే రోజు మళ్లీ తీయించి, ఈసీజీ కూడా తీయండి. శుక్రవారం సాయంత్రం వచ్చినా ఇదే పద్ధతి.

ప్రిసెప్టర్‌కి (మిమ్మల్ని పర్యవేక్షించే సీనియర్‌కి) కేసు చెప్పేటప్పుడు మీరేం అనుకుంటున్నారో ముందు చెప్పండి, హిస్టరీ తర్వాత. "ఇది గౌట్ అనుకుంటున్నాను, సెప్టిక్ జాయింట్ (కీలులో ఇన్ఫెక్షన్) కాదని ఎందుకంటే..." అని మొదలుపెడితే రెండు నిమిషాల్లో అయిపోతుంది.

ప్రొసీజర్లకి దేశమంతటికీ ఒకే లెక్క లేదు. ఉద్యోగమిచ్చే చోట ప్రివిలేజెస్ ఫారం (ఏ ప్రొసీజర్లు చేయడానికి అనుమతో చెప్పేది) ఉంటుంది, లెక్క అందులో ఉంటుంది. అది ఇప్పుడే సంపాదించి దాని ప్రకారం లాగ్ పెట్టుకోండి: తేదీ, ప్రొసీజర్, ఎందుకు చేశారు, చూశారా, సాయం చేశారా, సొంతంగా చేశారా, ఇబ్బందులేమైనా వచ్చాయా. పేషెంటు పేరు, రికార్డు నంబరు రాయొద్దు. నెక్స్‌ప్లానాన్ (చేతిలో పెట్టే గర్భనిరోధక ఇంప్లాంట్) చేయాలంటే కంపెనీ ట్రైనింగు తప్పనిసరి, సీటు దొరకడానికి టైం పడుతుంది.

పంచ్ బయాప్సీలో (గుండ్రటి బ్లేడుతో చర్మం ముక్క తీయడంలో) కొత్తవాళ్లు చెడగొట్టేది రెండుచోట్ల. మొదటిది, ఎపినెఫ్రిన్ కలిపిన లిడోకెయిన్ (మత్తు ఇంజెక్షన్) ఇచ్చాక తిమ్మిరి వెంటనే వస్తుంది గానీ రక్తనాళాలు ముడుచుకోవడానికి 7 నుంచి 10 నిమిషాలు కావాలి. ఆగకుండా కోస్తే గుంటంతా రక్తం. ఆ టైంలో ఫార్మలిన్ సీసాకి లేబుల్ అంటించుకోండి. చర్మం సహజంగా ముడత పడే దిశకి అడ్డంగా లాగి పట్టుకుని పంచ్ తిప్పితే, వదిలాక గుంట కోలగా మారి కుట్టు చక్కగా కూర్చుంటుంది. రెండోది, ముక్కని ఫోర్సెప్స్‌తో నొక్కి లాగడం. నలిగిన ముక్కని చూసి పాథాలజిస్టు ఏమీ చెప్పలేరు. సూదిమొనతో లేపి, అడుగున కొవ్వు దగ్గర కత్తిరించండి.

బిల్లింగ్_బాబాయ్:
ఒక్క మాట. ఫెడరల్ హెల్త్ సెంటర్లకి మెడికేర్ (ప్రభుత్వ ఇన్సూరెన్సు) విజిట్‌కి ఇంత అని ఇస్తుంది కాబట్టి రెసిడెన్సీలో కోడింగ్ (విజిట్‌కి బిల్లు కోడ్ వేయడం) ఎవరూ గట్టిగా నేర్పరు. బయట ప్రాక్టీసులో చేరాక రెండు నిలకడైన దీర్ఘరోగాలు చూసి మందులు రాసి కూడా తక్కువ డబ్బొచ్చే కోడ్ 99213 వేస్తుంటారు. అది 99214. ప్రతివారం ఐదు నోట్లు తీసి మీరే కోడ్ చేసి, బిల్లింగ్‌వాళ్లతో సరిచూసుకోండి.

కొత్తఎన్‌పీ_డాలస్:
అక్కా, చక్కెర_బీపీ గారూ, బాబాయ్ గారూ, చాలా థ్యాంక్స్. పిల్లల ఏడీహెచ్‌డీ మందులు రెసిడెన్సీలో నేను రాయొచ్చా? ఉద్యోగం వేట సంగతి కూడా చెప్పలేదు.

పేపర్ల_అక్క:
టెక్సస్‌లో డాక్టరుతో ప్రిస్క్రిప్టివ్ అథారిటీ అగ్రిమెంట్ ఉన్నా, షెడ్యూల్ 2 మందులు (గట్టి నియంత్రణ ఉన్నవి) క్లినిక్‌లో ఎన్‌పీ రాయకూడదు. ఆసుపత్రి, హాస్పిస్ పరిస్థితులకే ఆ వీలుంది. ఏడీహెచ్‌డీకి వాడే స్టిమ్యులెంట్లు అందులోకే వస్తాయి, డాక్టరే రాయాలి. ఆటోమాక్సెటిన్ లాంటివి నువ్వు రాయొచ్చు.

వేట ఏడో నెలలో మొదలుపెట్టు. ఆఫర్ వచ్చాక క్రెడెన్షియలింగ్‌కే (అర్హతల పరిశీలనకే) మూడు నాలుగు నెలలు పడుతుంది. చదువు లోన్ కోసం ఎన్‌హెచ్ఎస్‌సీ (వైద్య సిబ్బంది తక్కువున్న చోట పనిచేస్తే లోన్ తీర్చే ఫెడరల్ పథకం) మీద ఆశ పెట్టుకుంటే, అది సిటిజన్లకే, గ్రీన్‌కార్డు చాలదు. ఇంకోటి: మీ హెల్త్ సెంటర్‌కి ఎఫ్‌టీసీఏ రక్షణ (వైద్యంలో పొరపాటు కేసులకి ఫెడరల్ ప్రభుత్వ కవరేజీ) ఉంటే, అక్కడ చేసిన పనికి మానేశాక కూడా కవరేజీ ఉంటుంది, రెసిడెంట్లకీ వర్తిస్తుందో లేదో హెచ్‌ఆర్‌ని రాతలో అడుగు. బయట చేసే పార్ట్‌టైం పనికి అది వర్తించదు. ప్రైవేటు ఆఫర్‌లో ఇన్సూరెన్సు "క్లెయిమ్స్ మేడ్" (పాలసీ నడుస్తుండగా వచ్చిన కేసులకే వర్తించేది) అని ఉంటే, మానేసేటప్పుడు టెయిల్ (తర్వాత వచ్చే కేసులకి కవరేజీ) డబ్బు ఎవరు కడతారో సంతకానికి ముందే కాంట్రాక్టులో రాయించుకో.