ఇంజిన్‌లో టిక్‌టిక్: ఆయిల్ మారిస్తే పోతుందా, ట్యాపెట్లు చూడాల్సిందేనా?

నాన్నగారి_800: 2006 మారుతి 800. కొన్నాళ్లుగా ఇంజిన్ పైభాగంలో కుట్టుమిషన్ నడిచినట్టు టిక్‌టిక్. బండి వేడెక్కినా తగ్గట్లేదు. ఒక మెకానిక్ చిక్కటి ఆయిల్ పోస్తే సరి అంటాడు, ఇంకొకాయన హెడ్ కవర్ (ఇంజిన్ పైమూత) విప్పి ట్యాపెట్లు, అంటే వాల్వుల దగ్గరి సందు, చూడాలంటాడు. ఎవరి మాట వినాలి?

నల్లచేతులు: ముందు ఆయిలే. నా బండికీ ఇదే గోల. ఆయిల్, ఫిల్టర్ మార్చాను, రెండు రోజుల్లో చప్పుడు మాయం. ఇంత చిన్న పనికి హెడ్ కవర్ దాకా ఎందుకు?

ఫీలర్‌గేజ్: అన్నా, మీ బండిలో హైడ్రాలిక్ లిఫ్టర్లు ఉండి ఉంటాయి. వాటిలో ఆయిల్ నిండితేనే వాల్వు దగ్గరి గ్యాప్ పూడుతుంది, అందుకే మీకు పనిచేసింది. 800లో అవి లేవు. వాల్వును నొక్కే రాకర్ ఆర్మ్ చివర గ్యాప్ సరిచేసే స్క్రూ, దాని మీద లాక్ నట్, అంతే. స్క్రూ వదులైతే ఏ ఆయిలూ దాన్ని బిగించదు. చిక్కటి ఆయిల్ చప్పుడును కాస్త కప్పిపెడుతుంది. పైగా చల్లటి ఇంజిన్‌లో అది పైదాకా చేరేసరికి ఆలస్యం.

నల్లచేతులు: సరే, డిప్‌స్టిక్ (ఆయిల్ మట్టం చూసే పుల్ల) అయినా చూడమనండి. ఆయిల్ తక్కువైతే ఏ ఇంజినైనా అరుస్తుంది.

ఫీలర్‌గేజ్: అది ఒప్పుకుంటా. ఇంకోటి, చల్లగా ఉన్నప్పుడు టిక్‌టిక్ అని వేడెక్కాక ఆగితే ఎగ్జాస్ట్ మ్యానిఫోల్డ్ (పొగ గొట్టం ఇంజిన్‌కి కలిసేచోటు) గ్యాస్కెట్ దగ్గర లీకేజీ కూడా కావచ్చు. కిందినుంచి బరువుగా డబడబమంటే మాత్రం బండి తీయొద్దు, అది బేరింగ్.

నాన్నగారి_800: డిప్‌స్టిక్ చూస్తే ఆయిల్ కింది గీత కంటే దిగువన ఉంది, సిగ్గుచేటు! ముప్పావు లీటరు పట్టింది. చప్పుడు సగం తగ్గింది, పోలేదు.

నల్లచేతులు: చూశారా! మిగతా సగం ఫ్లషింగ్‌తో, అంటే ఇంజిన్ లోపలి మడ్డి కడిగిస్తే, పోతుంది.

ఫీలర్‌గేజ్: పాత ఇంజిన్‌కి ఫ్లషింగ్ వద్దు బాబూ. ఊడిన మడ్డి వెళ్లి సంప్‌లో (ఇంజిన్ అడుగున ఆయిల్ ఉండే తొట్టి) జల్లెడకు అడ్డం పడితే పంపుకి ఆయిల్ అందదు. ఆరు వాల్వులే కదా, ఇంజిన్ పూర్తిగా చల్లారాక ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచని రేకు) పెట్టించండి. చప్పుడు చావాలని టైటుగా మాత్రం బిగించనివ్వొద్దు. వాల్వు పూర్తిగా మూసుకోకపోతే కాలిపోతుంది. కొద్దిగా మాట్లాడే ట్యాపెట్ నయం.

నాన్నగారి_800: ఈరోజు చేయించాను. రెండో సిలిండర్ ఎగ్జాస్ట్ వాల్వు దగ్గర గేజ్ రేకు ఊగుతూ దూరింది, మిగతావాటిలో కాస్త పట్టి వచ్చింది. బిగించాక ఇప్పుడు హారన్ కొడితే తప్ప బండి ఉన్నట్టే తెలియట్లేదు. కవర్ గ్యాస్కెట్ కూడా కొత్తది వేశారు.

నల్లచేతులు: ఆయిల్ పోయకముందే బిగించి ఉంటే ఆ మొదటి సగం ఎవరు తగ్గించేవారు?