లిక్విఫాక్షన్‌ని ‘ద్రవీభవనం’ అనొచ్చా?

ప్రశ్న: భూకంపాలొచ్చే తీరాల్లో రేవులకు పునాదులు ఎలా వేస్తారనే వ్యాసం ఒకటి తెలుగులో రాస్తున్నాను. లిక్విఫాక్షన్ దగ్గర ఆగిపోయాను. ‘ద్రవీభవనం’ సరిపోతుందా అండీ?

జవాబు: వద్దండీ, దయచేసి. ద్రవీభవనం అనగానే బడిలో చదివిన ద్రవీభవన స్థానం గుర్తొస్తుంది, మంచో మైనమో కరుగుతున్నట్టు. ఇక్కడ ఏదీ కరగదు, వేడితో పనే లేదు. నీళ్లతో నిండిన వదులు ఇసుకను భూకంపం కుదిపినప్పుడు రేణువులు ఇంకా దగ్గరికి సర్దుకోబోతాయి, మధ్యలో ఉన్న నీళ్లకు అంత తొందరగా బయటపడే దారి ఉండదు, దాంతో నీటి ఒత్తిడి పెరిగిపోయి, అప్పటిదాకా రేణువు మీద రేణువు ఆని మోస్తున్న బరువంతా నీళ్ల మీదికి వస్తుంది. నేలకు పట్టు పోతుంది. మనవాళ్లు ‘జావగారిపోయింది’ అంటారే, సరిగ్గా అదే. నేను ‘నేల జావగారడం’ అనే రాస్తాను.

1995 జనవరి 17న జపాన్‌లోని కోబెలో భూకంపం వచ్చినప్పుడు జరిగింది ఇదే. అక్కడ రేవు గట్లు చాలావరకు పెద్ద పెద్ద కాంక్రీటు పెట్టెలతో కట్టినవి. అడుగున ఉన్న మెత్తటి బంకమట్టి తీసేసి వేరే మట్టి పోసి, దాని మీద వాటిని కూర్చోబెట్టారు. ఆ పోసిన మట్టే పట్టు తప్పింది. గట్లు కొన్నిచోట్ల 5 మీటర్ల దాకా సముద్రం వైపు జరిగాయి, ఒకటి రెండు మీటర్లు కుంగాయి. అక్కడే సముద్రాన్ని పూడ్చి కట్టిన దీవుల్లో ముందే నేలను కుదించి గట్టిపరిచిన చోట్ల మాత్రం నష్టం చాలా తక్కువ. అంటే కాంక్రీటు బలంగా ఉంటే చాలదు, దాని కింద నేల సంగతి ముందు చూడాలి.

ఇంకొకరు: ‘జావగారడం’ శాస్త్ర వ్యాసానికి మరీ మోటుగా లేదూ? అయినా లోతుగా పైల్స్, అంటే నేలలోకి దిగే పొడవాటి స్తంభాలు, దించితే నేల ఏమైతే ఏం?

జవాబు: మోటు కాదండీ, చదివినవాడికి వెంటనే బొమ్మ కడుతుంది. ఇక పైల్స్ అన్నారు కాబట్టి, 2001 భుజ్ భూకంపంలో కాండ్లా రేవులోని ఆఫీసు టవర్ చూడండి. 22 మీటర్ల ఎత్తు భవనం, కింద 18 మీటర్ల పొడవు పైల్స్ 32 ఉన్నాయి. అవి పైనున్న బంకమట్టి దాటి ఇసుక పొరలో ఆగిపోయాయి, ఆ ఇసుకే జావగారింది, భవనం ఒరిగింది. పైల్ కొస గట్టి నేలలోకి దిగాలి. పైగా ఏటవాలు తీరంలో నేల పక్కకు జారుతూ పైల్స్‌ని కూడా తోసుకుపోతుంది, ఆ తోపుడుకి కూడా లెక్క కట్టాలి.

ప్రశ్న అడిగినవారికి ఇంకో మాట. డక్టిలిటీకి ‘తాంతవత’ అని రాస్తారేమో, అది లోహాన్ని తీగలుగా సాగదీయడానికి పుట్టిన మాట, జెట్టీకి నప్పదు. 1989 భూకంపంలో అమెరికాలోని ఓక్లాండ్ రేవులో ఏటవాలుగా దించిన పైల్స్ బిగుసుకుని ఊపునంతా తామే తీసుకుని, పైన డెక్‌కి, అంటే జెట్టీ పైపలకకి, కలిసే చోట చిట్లిపోయాయి. నిలువు పైల్స్ అయితే ఆ కలిసే చోట బాగా ఇనుప కమ్మీ కడితే వంగుతాయి, బీటలిస్తాయి గానీ డెక్‌ని వదిలిపెట్టవు. డక్టిలిటీ అంటే అదే, దాన్ని ‘విరగకుండా వంగే గుణం’ అని విడమరిచి రాయండి, నాలుగు మాటలైనా ఫరవాలేదు.